లిఫ్టుకి గడప ఉండదు

తాళాల కొట్టు మీది గది,
వానలు మొదలైన రెండో వారం

ఆఫీసరమ్మకు,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. మొదటి రోజు కళ్ళజోడు కనపడలేదు. రెండో రోజు కళ్ళజోడు కనపడింది గానీ కలంలో సిరా ఆరిపోయింది. మూడో రోజు నుంచి ఇవాళ్టిదాకా చెప్పుకోడానికి సాకు కూడా లేదు. భయమేసింది, అంతే. డెబ్భై మూడేళ్ళవాడు, లిఫ్టు బావుల్లో తాళ్ళు పట్టుకుని వేలాడినవాడు, నాలుగు వాక్యాల కాగితానికి జంకడమేమిటని నవ్వుతావు. నవ్వు.

ఆ నాలుగింటిలో మూడు మామూలువే. ఎలా ఉన్నావు, మోకాళ్ళెలా ఉన్నాయి, నాన్న కులాసా. నాలుగోదే నా మీద బండలా పడింది. "మామయ్యా, లిఫ్టు తాడు పాడైందని చూడకుండానే తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా?"

తాడు గురించి అడిగితే నాకు సంతోషమే. ఈ వయసులో నన్ను తాళ్ళ గురించి అడిగేవాళ్ళెవరు? కానీ "చూడకుండానే" ఏమిటి తల్లీ? మీ నగరంలో లిఫ్టులన్నిటికీ ఏడాదికి రెండుసార్లు "బాగుంది, జనం ఎక్కవచ్చు" అని సంతకం పెట్టే అధికారిణివి నువ్వు. నేను నలభై ఏళ్ళు వాటికి గ్రీజు పూసి, చెవులు రెండూ మోటారు గదికి ధారపోసి, ఫోనెత్తితే ఎవరి మాటైనా రైలు కూతలా వినపడే చెవిటి మెకానిక్కుని. కాగితమే కదా మనిద్దరికీ దిక్కు. అందుకే అడిగినదానికి చెబుతాను.

చూడకుండా తెలియదు. ఒక్కోసారి చూసినా తెలియదు. తాకితే తెలుస్తుంది. లిఫ్టు పైకప్పు మీద నిలబడి, దాన్ని నత్తలా నడిపిస్తూ, తాడు చుట్టూ పాత నూలుగుడ్డ వదులుగా పట్టుకోవాలి. తెగిన తీగ ఉన్నచోట గుడ్డ చిక్కుకుని దారం లాగుతుంది. వట్టి చేత్తో పట్టుకుంటే వేలు చిక్కుకుంటుంది, అప్పుడూ తెలుస్తుందనుకో. గుడ్డ మాత్రం బాగా వాడినదై ఉండాలి. మీ అత్తయ్య బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో దుప్పట్లు చిరగడానికే భయపడేవి. చిన్న కన్నం పడితే చాలు, మర్నాడు నా సంచిలో ఉండేది.

దారి తప్పాను. నా చదువే అలాంటిది. బళ్ళో చదివింది ఆరో తరగతి, మిగతాదంతా చిత్తుకాగితాల కొట్లో కొన్నాను. అక్కడ దొరికిన నిఘంటువులో "ప" నుంచి "మ" దాకా పేజీలు లేవు. అందుకని ఆ అక్షరాల జ్ఞానం నాకు అంతంతమాత్రం. భయం అన్న మాటకు అర్థం నేను పుస్తకంలో చూడలేదు, లిఫ్టు బావిలో నేర్చుకున్నాను.

నాకు ఏం కావాలని ఉందో నన్నెవరూ అడగలేదు. మా నాన్న ఓ రోజు నా అరచేతులు తిప్పి చూసి, "వీడికి స్పానరు సరిపోతుంది" అన్నాడు. నా భవిష్యత్తు మీద జరిగిన చర్చ మొత్తం అదే. నీ విషయం వేరు. మీ నాన్న నా చేతికింద పనిచేసేవాడు. బావని చేతికింద పెట్టుకోవడం ఎంత కష్టమో, స్పానరు అందించమన్నా బతిమాలాల్సిందే. ఆయన పని దిగి ఇంటికి రాగానే చేతులైనా కడక్కుండా నిన్ను ఎత్తుకుర్చీ మీద దిండేసి కూర్చోబెట్టేవాడు. నేను ఆఫీసు నుంచి పనికిరాని సర్వీసు కార్డులు తెచ్చి నీ ముందు పెట్టేవాణ్ణి. నీకప్పుడు ఏడేళ్ళు. ఒక కార్డు చదవబోయావు. "చదవకమ్మా," అన్నాడు మీ నాన్న. "చదివేది కిందివాళ్ళు. పైవాళ్ళు సంతకం పెడతారు." నువ్వు కనుబొమలు ముడిచి, సర్రున గీత లాగి, "తరవాత!" అనేదానివి. మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆ రోజు నుంచీ నువ్వు ఆఫీసరమ్మవే.

ఇంతకీ ఎవరి తాడు? ఎక్కడి లిఫ్టు? దాచకుండా రాయి.

మామయ్య


ఆఫీసు, కిటికీ పక్క బల్ల,
తొమ్మిది రోజుల తరవాత

మామయ్యకు,

నువ్వు మరీ కంగారుపడతావు. ఊరికే అడిగాను. ఎక్కడో చదివి గుర్తొచ్చి అడిగానంతే. మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నావా? గ్రీజు కాదు, నూనె.

సరే, ఊరికే కాదు.

ఈ కుర్చీలోకొచ్చి ఆరేళ్ళైంది. నేను ఇంతవరకూ ఒక్క లిఫ్టు పైకప్పు మీదా నిలబడలేదు. ఒక్క మోటారు గదిలోకీ ఎక్కలేదు. మొదటిరోజు మా ఆఫీసు మెకానిక్ తలుపు తెరిచి, ముందు తను లిఫ్టు పైకప్పు మీదికి దిగి నిలబడి నాకు చెయ్యి అందించాడు. ఆ సందులోంచి కిందికి చూశాను. చీకటి, తాళ్ళు, ఎక్కడో అడుగున చిన్న దీపం. గుమ్మం పట్టుకుని వెనక్కి జరిగాను. "మీరు చూసి రాయండి, నేను సంతకం పెడతాను," అన్నాను. ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవాడు.

అప్పటినుంచీ అదే పద్ధతి, ఆర్నెల్ల సర్టిఫికెట్టుకైనా, నెలనెలా వచ్చే రిజిస్టరుకైనా. ఎవరూ తప్పనలేదు. పైగా "మేడం మనల్ని నమ్ముతారు" అని మంచిపేరు కూడా వచ్చింది. నాకూ అది తప్పనిపించలేదు మామయ్యా, అదే ఇప్పుడు భయంగా ఉంది. పైకెక్కడం కిందివాళ్ళ పని, కూర్చోవడం నా పని అని ఎవరో నా ఎముకల్లో రాసిపెట్టినట్టు ఉండేది.

పోయిన నెల నాన్న కాలు చూపించడానికి పెద్దాసుపత్రికి వెళ్ళాం. ఆయన సంగతి నీకు తెలుసుగా, లిఫ్టెక్కడు. "మెట్లు ఆరోగ్యం" అంటూ ఆ కుంటికాలితోనే నాలుగంతస్తులు ఎక్కాడు. నేను లిఫ్టులో వెళ్ళాను. నాతోపాటు స్ట్రెచరు మీద ఒకావిడ, నెలలు నిండిన మనిషి. నొప్పులొస్తున్నట్టున్నాయి, పెదవి కొరుక్కుంటూ పైకి చూస్తోంది. ఏం చూస్తోందా అని నేనూ చూశాను. గోడకి అద్దంలో నా సర్టిఫికెట్టు. కింద నా సంతకం. ఆవిడ నొప్పి ఓర్చుకోవడానికి దాన్నే గట్టిగా పట్టుకున్నట్టు చూస్తోంది.  అప్పటినుంచి తాళ్ళు తప్ప ఇంకోటి తోచడం లేదు.

కానీ బాగానే నడుస్తోందిలే. ఆ లిఫ్టు నడిపే ఆమె మహా చమత్కారి. నేను దిగబోతుంటే, "గడప తల్లీ, చూసుకో!" అంది. నిజంగానే లిఫ్టు నేలకన్నా కాస్త కిందికి ఆగింది. "ఇదెప్పుడు కట్టించారు?" అన్నాను. "ఎండాకాలంలో వచ్చింది, మా లిఫ్టు ఇప్పుడు గృహస్థురాలైంది," అంది. స్ట్రెచరు చక్రం దానికి తగిలి ఆగిపోతే ఇద్దరు ఎత్తి దాటించారు. అందరూ నవ్వారు.

నాన్న రోజూ సాయంత్రం గుమ్మంలోనే అడుగుతాడు: "ఇవాళ ఎన్ని సంతకాలమ్మా?" పది అంటే ఆయన మొహం వెలిగిపోతుంది. ఈమధ్య నేను ఇంటికి ఆలస్యంగా వెళ్తున్నాను.

నీ ఆఫీసరు


తాళాల కొట్టు మీది గది,
నీ ఉత్తరం అందిన గంటకి

అమ్మాయీ,

తాళ్ళ సంగతి వదిలెయ్. తాళ్ళు అయిదుంటాయి, ఒక్కొక్కటీ లిఫ్టు మొత్తాన్ని మోయగలదు. తాడు తెగి జనం చావడం సినిమాల్లో. లిఫ్టులు మనుషుల్ని గుమ్మంలో చంపుతాయి.

లిఫ్టుకి గడప ఉండదు. అది నేలకి సమంగా ఆగాలి. ఆగలేదంటే పట్టు జారుతోందన్నమాట. మోటారు గదిలో చక్రాన్ని రెండువైపులా రెండు దవడలు కరిచి పట్టుకుంటాయి, అదే బ్రేకు. దవడలకి లోపల పట్టీలుంటాయి. అవి అరిగేకొద్దీ లిఫ్టు ఆగాల్సిన చోట ఆగదు. మొదట పెన్సిలు మందం, తరవాత వేలు మందం. తరవాత ఓ రోజు తలుపు తెరిచి ఉండగానే, ఒక కాలు లోపల ఒక కాలు బయట ఉన్న మనిషితో సహా కదులుతుంది. మా రోజుల్లో ఒక సూపర్‌వైజరు ఉండేవాడు, ఆయన బ్రేకు చూడ్డానికి వెళ్ళేటప్పుడు... వద్దు. ఇప్పుడు కథలు కాదు.

ఆ గడప ఎత్తు కొలువు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మోటారు వేడెక్కాక ఒకసారి. రెంటికీ తేడా ఉంటే మళ్ళీ నాకు రాయడానికి కూడా ఆగకు. మీ మెకానిక్ రాసే రిజిస్టరు తెరువు. తెరిచి చదువు. సంతకం పెట్టే చోటు కాదు, దాని పైన ఉన్నది.

కింద కొట్లో తాళాలాయన చేత నీకు ఫోను చేయించాను. "లిఫ్టు ఆపమని మీ మామయ్య అంటున్నాడు" అని ఆయన అరిస్తే, నువ్వు "సరే సరే, ఆయన్ని మందులేసుకోమనండి" అని పెట్టేశావట. మందులు వేసుకున్నాను. భయం తగ్గలేదు. ఈ కాగితం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, రేపు పొద్దున్నే మీ ఆఫీసు గేటులో ఇస్తాడు.

ఆపెయ్ తల్లీ.

మామయ్య


ఇల్లు, వంటగది బల్ల,
శనివారం పొద్దున

మామయ్యా,

కొలిచాను. నిన్న పొద్దున పెన్సిలు మందం. మధ్యాహ్నం మూడింటికి రెండు వేళ్ళు.

నేను అక్కడ వంగి కొలుస్తుండగానే జరిగింది. స్ట్రెచరు ముందు చక్రాలు బయటికొచ్చాయి, వెనక చక్రాలు ఇంకా లోపలే. లిఫ్టు జారింది. జానెడు. ఏ చప్పుడూ లేదు, నిద్రలో తల వాలినట్టు వాలి ఆగింది. స్ట్రెచరు మీద ముసలాయన రెండు చేతులతో అంచులు పట్టుకుని, "అమ్మా" అన్నాడు. లిఫ్టు నడిపే ఆమె, "కంగారుపడకు తాతా, అది నీకు దణ్ణం పెడుతోంది," అంది. అందరూ నవ్వారు. నా వేళ్ళు నేలకీ లిఫ్టుకీ మధ్య ఉన్నాయి మామయ్యా. పెన్సిలు విరిగింది. వేళ్ళు ఎప్పుడు తీశానో నాకు తెలియదు.

రిజిస్టరు చదివాను. మెకానిక్ రాత గుండ్రంగా, ఎంత శుభ్రంగా ఉందో. నాలుగు నెలల కిందట: "బ్రేకు పట్టీలు అరిగాయి. వెంటనే మార్చాలి. మేడం పైకి వచ్చి చూడగలరు." కింద నా సంతకం. తరవాతి నెల మళ్ళీ అదే వాక్యం, అదే సంతకం. మూడో నెల, "పైన రాసినట్టే." సంతకం. నాలుగో నెల, "బాగుంది." సంతకం.

ఆయన్ని పిలిచి అడిగాను. "బాగాలేనిదాన్ని బాగుందని ఎందుకు రాశారు?"

"మీరు మూడుసార్లు చూసి సంతకం పెట్టారు కదా మేడం," అన్నాడు. "నాకు తెలియనిదేదో మీకు తెలుసనుకున్నాను. నేను చదువుకోలేదు కదా."

వెటకారం కాదు మామయ్యా. నిజంగానే అలా అనుకున్నాడు. వెటకారమైతే బాగుండేది.

లిఫ్టు ఆపలేదు. తిట్టుకో. స్ట్రెచరు పట్టే లిఫ్టు అదొక్కటే. ఆపరేషన్ గది అయిదో అంతస్తులో ఉంది. ఆసుపత్రి సూపరింటెండెంటు గారి గది దాకా వెళ్ళాను. "లిఫ్టు కొంచెం తక్కువ వాడితే మంచిదండీ," అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "మీరే కదమ్మా బాగుందని సంతకం పెట్టింది?" అన్నాడు. "అవునండీ," అని వచ్చేశాను. ఆపితే ఎందుకాపారని అడుగుతారు. అడిగితే రిజిస్టరు తెరుస్తారు. తెరిస్తే ఆ నాలుగు సంతకాలు. అప్పుడు నేనేమిటి? సంతకం పెట్టడం తప్ప నాకింకేం వచ్చు? స్పానరు పట్టుకోవడం కూడా రాదే.

నాన్న ముందుగదిలో నా పేరున్న బోర్డు పాతది తెచ్చి మేకుకి తగిలించుకున్నాడు. దాని కిందే కూర్చుని ఎన్ని సంతకాలని అడుగుతాడు. ఆయనకి ఏం చెప్పను?

కొత్త పట్టీలకి రాశాను. నెలాఖరుకి వస్తాయట. ఇంకా పంతొమ్మిది రోజులు. నువ్వు నలభై ఏళ్ళు చూసినవాడివి. ఒక్కమాట రాయి మామయ్యా. నెలాఖరుదాకా ఆగుతుందని రాయి. నువ్వు రాస్తే నేను నమ్ముతాను.


తాళాల కొట్టు మీది గది,
ఆదివారం

తల్లీ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రానికే మీ బస్సు డ్రైవరు తెచ్చిచ్చాడు. ఇది తిరిగి అతని చేతికే ఇస్తున్నాను. రేపు పొద్దున అందుతుంది.

ఆగుతుందని రాయను. ఆ మాట నేను ఇదివరకు ఒకసారి అన్నాను.

నిన్ను ఎత్తుకుర్చీ మీద కూర్చోబెట్టి సంతకాలు పెట్టించేవాళ్ళం కదా. ఆ కథ నేను వందమందికి చెప్పి నవ్వించాను. చివరి ముక్క ఎవరికీ చెప్పలేదు.

ఏడంతస్తుల భవనం ఒకటి నా పాలబడింది. నెలకోసారి మోటారు గదికెక్కి బ్రేకు చూసి, కార్డు మీద రాసి, సూపర్‌వైజరు చేత సంతకం పెట్టించాలి. అందుకు మోటారు చల్లారేదాకా లిఫ్టు ఆపి ఉంచాలి, ఏడంతస్తులూ మెట్లెక్కాలి. ఆ నెల ఒకటే ఉక్కపోత. ఎక్కలేదు. పోయిన నెల బాగానే ఉంది కదా, ఆగుతుందిలే అనుకున్నాను. "బ్రేకు చూశాను, బాగుంది" అని రాసేశాను. సూపర్‌వైజరు సెలవులో ఉన్నాడు. కార్డు ఆ సాయంత్రమే ఆఫీసులో ఇవ్వాలి. మీ ఇంటికొచ్చాను. ఆటలో నీ ముందు పెట్టిన కార్డుల్లో దాన్ని కూడా పెట్టాను.

నువ్వు కనుబొమలు ముడిచి సంతకం పెట్టి, "తరవాత!" అన్నావు.

మా సూపర్‌వైజరు సంతకం కూడా కోడి కెలికినట్టే ఉండేది. ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు. బయటికొచ్చి వీధి చివరిదాకా ఒక్కణ్ణే నవ్వుకుంటూ నడిచాను. ఏడేళ్ళ పిల్ల సంతకంతో ఏడంతస్తుల లిఫ్టు నడుస్తోంది చూడరా అనుకున్నాను. ఎంత గొప్ప కథ దొరికిందో అనుకున్నాను. కథలంటే నాకున్న ఆ పిచ్చే నన్ను చెడగొట్టింది.

తొమ్మిదో రోజున ఆ లిఫ్టులో దీపం పోయిందంటే మీ నాన్నని పంపాను. దీపం మార్చి బయటికి అడుగేస్తుంటే జారింది. కుడికాలు గుమ్మంలో ఉండిపోయింది.

నీకు మెట్ల మీంచి జారిపడ్డాడని చెప్పాం. ఆయన లిఫ్టెక్కకుండా మెట్లు ఆరోగ్యమనడం ఆ గుమ్మం వల్లే. నువ్వు ఆయనకి కాళ్ళు పడుతూ పెరిగావు. నేను మీ ఇంటికొచ్చిన ప్రతిసారీ నువ్వు ఆ పాదం ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసి నవ్వేదానివి. నేను ఇంకో కథ మొదలుపెట్టేవాణ్ణి. నా కథలన్నీ అందుకే అంత పొడుగు.

నీ ఉత్తరంలో "చూడకుండానే" అన్న మాట చదివి పదకొండు రోజులు కలం పట్టుకోలేకపోయింది ఇందుకే. నిన్ను చదవొద్దన్నది మీ నాన్న. చదవని సంతకం నిజంగా పనికొస్తుందని మొట్టమొదట చూపించినవాణ్ణి నేను.

మీ నాన్నకి ఆ కార్డు సంగతి తెలుసో లేదో నాకు ఇన్నేళ్ళూ తెలియదు. అడిగే ధైర్యం చాల్లేదు. ఈ ఉత్తరం ఆయనకి చూపించు. ఆ తరవాత మీరిద్దరూ నాకు రాయకపోతే, అర్థం చేసుకుంటాను. నాకు ఫోను వినపడదు, ఉత్తరం తప్ప నాకు మనుషులు లేరు. అయినా చూపించు.

నాకిప్పుడు తాడు తెగుతుందనీ లిఫ్టు పడుతుందనీ భయం లేదు. నువ్వింకా ఆపలేదేమోనని భయం. నేను ఈ వాక్యం రాస్తున్న ఈ నిమిషంలో అక్కడెవరో ఒక కాలు లోపల, ఒక కాలు బయట...

కుర్చీ పోతే పోతుంది. ఆపెయ్.

మామయ్య


ఆసుపత్రి, కింది అంతస్తు బెంచీ,
సోమవారం

మామయ్యకు,

నీ ఉత్తరం పొద్దున ఏడింటికి గేటు దగ్గర తీసుకుని తిరిగి ఇంటికెళ్ళాను. నాన్నకి చూపించలేదు, చదివి వినిపించాను. నేను మధ్యలో ఆగిపోతే ఆయన, "ఊఁ, చదువు" అన్నాడు. అయిపోయాక కుడిపాదం ముందుకు చాపుకున్నాడు.

"ఇన్నాళ్ళకి రాశాడా మీ మామయ్య," అన్నాడు.

"నీకు తెలుసా నాన్నా?"

"ఆసుపత్రిలో ఉండగా విచారణవాళ్ళు కార్డు తెచ్చి చూపించారు. ఇది మీ సూపర్‌వైజరు సంతకమేనా అని. నీ గీత నాకు తెలియదా? అవునన్నాను."

"అవునని ఎందుకన్నావు?"

"కాదంటే ఎవరిదని చెప్పను? మా ఏడేళ్ళ ఆఫీసరుదని చెప్పనా?" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ఆ రోజే అనుకున్నానమ్మా. దీని సంతకం ఎప్పటికైనా నిజం చెయ్యాలి, అప్పుడది అబద్ధం కాకుండా పోతుందని. పిచ్చి లెక్క."

ఆయన కోపంగా ఉన్నాడో లేదో నాకు తెలియదు. నీ మీదా, నా మీదా. నేను చెప్పులేసుకుంటుంటే తనూ వేసుకున్నాడు. ఇప్పుడు నా పక్కనే ఈ బెంచీ మీద కూర్చున్నాడు. నీకేమైనా రాయమంటావా అంటే, "వాడికి అక్షరాలు పెద్దవిగా రాయి, కళ్ళు కూడా పోయుంటాయి," అన్నాడు.

మోటారు గదికి పద్నాలుగు ఇనప మెట్ల నిచ్చెన. మెకానిక్ ముందెక్కి చెయ్యిచ్చాడు. ఆరో మెట్టు మీద ఆగిపోయాను. కిందికి చూడొద్దన్నాడు. చూశాను. నిచ్చెనకి అతుక్కుపోయి ఎంతసేపున్నానో. ఆయన తొందరపెట్టలేదు. "మేడం, ఈ పనిలో ఇరవై ఏళ్ళైంది, నాకూ ఇప్పటికీ ఈ ఆరోదాని దగ్గరే భయం," అన్నాడు. అబద్ధమే అయ్యుంటుంది. ఎక్కాను. ఆయన కరెంటు తీసేసి దీపం పట్టుకున్నాడు, నేను వంగి చూశాను. పట్టీ లేదు మామయ్యా. ఒకవైపు అట్టముక్కంత ఉంది. రెండోవైపు మేకుల తలలు మెరుస్తున్నాయి, చక్రం మీద గీతలు పడ్డాయి. చేత్తో తాకాను.

నెలాఖరుదాకా ఆగుతుందా అని అడిగాను. "ఇవాళ సాయంత్రం కూడా చెప్పలేను మేడం," అన్నాడు.

రిజిస్టరులో నేను రాశాను. "బ్రేకు పనికిరాదు. లిఫ్టు ఆపడమైనది. గత నాలుగు నెలల సంతకాలు చదవకుండా పెట్టినవి." అప్పుడు సంతకం పెట్టాను. నా పేరు నాకే కొత్తగా ఉంది.

సూపరింటెండెంటు గారు కేకలేశారు. "నిన్నటిదాకా బాగుందన్నది మీరే కదా!" అన్నారు. "చదవకుండా అన్నానండీ," అన్నాను. అలాంటి జవాబు ఆయన ఎప్పుడూ వినలేదనుకుంటా, కుర్చీలో కూర్చుండిపోయారు. మా ఆఫీసుకి ఫోను చేశారు. మా ఆఫీసువాళ్ళు నా ముద్రా, గుర్తింపు కార్డూ మధ్యాహ్నంలోగా అప్పగించమన్నారు. విచారణ ఉంటుందట. తరవాతేమవుతుందో తెలియదు. భయంగానే ఉంది. నిన్నటి భయం కాదు గానీ, భయమే.

లిఫ్టు నడిపే ఆమె తన స్టూలు బయటికి తెచ్చుకుని తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చుంది. ఎక్కబోయినవాళ్ళకి, "మా ఇంట్లో గడప పడిపోయింది, వెళ్ళండి వెళ్ళండి," అని చెబుతోంది.

పదకొండింటికి అయిదో అంతస్తులో ఆపరేషన్ అయిన ఒకావిడని రెండో అంతస్తు వార్డుకి స్ట్రెచరుతో మెట్ల మీదుగా దింపాల్సొచ్చింది. చేతులు చాలక నన్ను పిలిచారు. తల వైపు మెకానిక్, ఒక నర్సు. కాళ్ళ వైపు నేను, వార్డు మనిషి. మూడో అంతస్తు మలుపులో ఒకసారి దించి, చేతులు మార్చుకుని, మళ్ళీ ఎత్తాం.